లంకలో పాతిన కర్ర: విద్యార్థుల చిత్రీకరణ స్థలాలు చూసిన నా అనుభవం

మూడేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి ఉదయం, మా విద్యార్థి ఒకడు వశిష్ఠ గోదావరిలోని ఇసుక మేట అంచున కెమెరాలోకి చూస్తూ వెనక్కి నడిచి, ఇసుక తవ్వి వదిలేసిన గుంతలో పడిపోయాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పని చేసుకుంటున్నామనుకున్న పిల్లలకు, నాలుగడుగుల అవతల నిలువు లోతు గుంత ఉన్న సంగతి తెలియదు. పైనుంచి చూస్తే నీరంతా ఒకే రంగులో, ఒకే తీరుగా ఉంది. దగ్గరలో వల విసురుతున్న ఒక పెద్దాయన తన పడవలోని గెడను అందించి వాడిని బయటకు లాగాడు. ఆ చిత్రీకరణకు అనుమతి పత్రం మీద సంతకం చేసింది నేను. ఆ చోటును నేను చూడలేదు. ‘నది ఒడ్డున, పగటి పూట, ఏడుగురు విద్యార్థులు’ అని వాళ్ళు రాసి తెచ్చిన ఒక్క వాక్యాన్ని చదివి సంతకం పెట్టాను.

నేను డెల్టాలోని ఒక కళాశాలలో దృశ్య మాధ్యమ విభాగంలో పాఠాలు చెబుతాను. చివరి సంవత్సరం విద్యార్థులు జట్లుగా ఏర్పడి, ఒక్కో జట్టూ ఇరవై నిమిషాల లఘుచిత్రం తీయడం మా కోర్సులో తప్పనిసరి. ఆ ఉదయం జరిగినదాన్ని మా కళాశాల చిన్న సంఘటనగా రాసి మూసేసింది. నాకు మాత్రం చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. మరుసటి ఏడాది నుంచి ప్రతి చిత్రీకరణ స్థలాన్నీ ముందుగా నేనే స్వయంగా చూసి, అక్కడ ఏ ముప్పు ఉందో రాసి, దానికి ఏం చేయాలో తేల్చిన తరువాతే సంతకం పెడతానని విభాగాధిపతికి చెప్పాను. ఎలా చేయాలో మాత్రం అప్పటికి నాకు తెలియదు. ఈ మూడేళ్ళలో నేర్చుకున్నదాన్ని, ముఖ్యంగా నిరుటి చిత్రం కోసం స్థలాలు చూసిన క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మొదట నాకు దొరికినవి, ముప్పును అంచనా వేయడానికి విదేశాల్లో వాడే నమూనా పత్రాలు. వాటిలో మంచుగడ్డల మీద జారడం గురించి ఒక గడి ఉంది, పంట కాలువ గురించి లేదు. అయినా వాటి వెనక ఉన్న పద్ధతి పనికొచ్చింది. ప్రతి స్థలంలోనూ హాని చేయగల వస్తువునో పరిస్థితినో ముందు గుర్తించాలి, అది ఎవరికి ఎలా తగులుతుందో రాయాలి, జరిగే అవకాశానికి ఒకటి నుంచి అయిదు వరకు ఒక అంకె, జరిగితే కలిగే హానికి అలాగే ఇంకొక అంకె వేసి గుణించాలి, వచ్చిన లెక్కను బట్టి దేనికి ముందు జాగ్రత్త పడాలో తేల్చుకోవాలి. మన తెలుగులో ‘ప్రమాదం’ అన్న మాట జరిగినదానికీ జరగబోయేదానికీ రెండింటికీ వాడతాం కనుక, పిల్లలు తికమక పడకుండా నేను హాని చేసేదాన్ని ‘ప్రమాద కారణం’ అనీ, దానివల్ల దెబ్బ తగిలే అవకాశాన్ని ‘ముప్పు’ అనీ విడదీసి రాయించాను. గుంత ప్రమాద కారణం. వెనక్కి చూడకుండా నడిచే మనిషి ఆ గుంత దగ్గరకు వచ్చినప్పుడు ముప్పు పుడుతుంది.

ఈ గుణకారంలో ఒక లోపం ఉందని రెండో ఏడాదే గ్రహించాను. నీళ్ళలో మునిగిపోయే అవకాశానికి ఒకటి వేసి, హానికి అయిదు వేస్తే లెక్క అయిదు వస్తుంది. ఎండదెబ్బకు నాలుగు, మూడు వేస్తే పన్నెండు వస్తుంది. కాగితం మీద ఎండదెబ్బ పెద్దదిగా, మునక చిన్నదిగా కనిపిస్తాయి. అందుకని నేను ఒక నియమం పెట్టుకున్నాను. ప్రాణం పోయే అవకాశం ఉన్న చోట అంకెల లబ్ధం ఎంత తక్కువ వచ్చినా, దానికి జాగ్రత్త చేసి చూపించనిదే ముందుకు వెళ్ళకూడదు. వృత్తిగా సినిమాలు తీసేవాళ్ళ దగ్గర కూడా ఇటువంటివి జరిగాయి. కర్ణాటకలోని తిప్పగొండనహళ్ళి జలాశయంలో 2016 నవంబరు 7న పోరాట సన్నివేశం కోసం లైఫ్ జాకెట్లు లేకుండా హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు నటులు మునిగి చనిపోయారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2014 ఫిబ్రవరి 20న నది మీది రైలు వంతెనపై చిత్రీకరిస్తుండగా రైలు దూసుకొచ్చి సారా జోన్స్ అనే ఇరవై ఏడేళ్ళ కెమెరా సహాయకురాలు మరణించింది. ఆ పట్టాల మీద తీయడానికి రైల్వే సంస్థ అనుమతి లేదు. ఈ రెండు సంగతులనూ నేను ప్రతి జట్టుకూ మొదటి రోజే చెబుతాను.

నిరుటి కథ ఒక పడవ నడిపే తండ్రిది, పట్నంలో చదువుకొని ఇంటికి వచ్చిన అతని కూతురిది. దర్శకత్వం వహించింది ఇరవై ఏళ్ళ అమ్మాయి, జట్టులో మొత్తం పధ్నాలుగు మంది. వాళ్ళు కోరిన స్థలాలు ఇవి: నరసాపురం–సఖినేటిపల్లి రేవుకు ఎగువన నది మధ్యలో ఉన్న ఒక చిన్న లంక, రాజోలు వైపు ఒక పాత మండువా లోగిలి, భీమవరం దగ్గర రాత్రి కాపలా సన్నివేశానికి ఒక రొయ్యల చెరువు గట్టు, సైకిల్ సన్నివేశానికి ఒక పంట కాలువ గట్టు, చివరి సన్నివేశానికి అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోటు. సంక్రాంతి వెళ్ళిన వారం నుంచి మూడు వారాల పాటు వీటిని చూస్తూ తిరిగాను. ఒక్కొక్క స్థలానికి మూడు సార్లు వెళ్ళడం నా పద్ధతి. మొదటిసారి దర్శకురాలితో కలిసి వెళ్ళి ఆమెకు ఏం కావాలో తెలుసుకుంటాను. రెండోసారి ఆ చోట బతుకుతున్న మనిషిని వెంటబెట్టుకొని వెళతాను. మూడోసారి, చిత్రీకరణ ఏ వేళకు ఉంటుందో సరిగ్గా ఆ వేళకే వెళతాను. పగలు చూసిన చెరువు గట్టు రాత్రి ఇంకొక చెరువు గట్టు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది లంక. రెండోసారి వెళ్ళినప్పుడు నాతో వచ్చినవాడు ఆ రేవులో నలభై ఏళ్ళుగా పడవ నడుపుతున్న సరంగు. నేను నా పత్రం తెరిచి ప్రశ్నలు అడగబోతే ఆయన, ‘మేష్టారండీ, కాగితం తరవాత చూద్దారి గానీ, ముందు ఈ గెడ పట్టుకుని నా ఎనకాలే రండి’ అన్నాడు. నీటి అంచు వెంబడి పది అడుగులకు ఒకసారి గెడను ఇసుకలో గుచ్చుతూ నడిచాం. చాలా చోట్ల జానెడు దిగి ఆగింది. ఒక చోట మాత్రం, చూడటానికి మిగతా ఇసుక లాగానే తడిగా, నున్నగా ఉన్న చోట, చేతి బలం లేకుండానే మూరెడున్నర దిగిపోయి, పైకి లాగితే చప్పరింపు వంటి శబ్దం చేస్తూ వచ్చింది. అది ఊబి. అటువంటివి ఆ లంక దక్షిణపు కొసలో రెండు దొరికాయి. వాటి చుట్టూ కంపలు పాతి, ఎర్ర గుడ్డలు కట్టి, చిత్రీకరణ మ్యాపులో గుర్తించాం.

తరువాత ఆయన నన్ను లంక పడమటి ఒడ్డుకు తీసుకెళ్ళాడు. దర్శకురాలు కెమెరా పెట్టాలనుకున్న చోటు అదే. అక్కడ గట్టు నీటికి ఎనిమిది అడుగుల ఎత్తున, పైన పచ్చగడ్డితో, చాలా గట్టిగా కనిపించింది. ఆయన నన్ను వంగి చూడమన్నాడు. అంచుకు సమాంతరంగా, అంచుకు అయిదడుగుల లోపలగా, వేలు పట్టేంత చీలిక ఒకటి గడ్డి కింద సాగిపోతోంది. అంచున బోర్లా పడుకొని కిందికి చూస్తే గడ్డి వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. వాటి కింద మట్టి లేదు, నది తినేసింది. లంకలు కోతకు గురవుతాయని చిన్నప్పటి నుంచి విన్నవాడినే అయినా, పైన నిలబడిన మనిషికి కింద ఏమీ లేకపోవడం అంత దగ్గరగా నేను ఎన్నడూ చూడలేదు. చీలికకు లోపలి వైపు, అంచు నుంచి సరిగ్గా ఆరడుగులు టేపుతో కొలిచి, ఒక వెదురు కర్ర పాతాం. ఆ కర్ర నుంచి ఇంకొక పది అడుగులు వెనక్కి తాడు కట్టాలనీ, ఆ తాడు దాటి ఎవరూ, ఏ షాటు కోసమైనా, పోకూడదనీ రాసుకున్నాను.

పోటు, పాటుల సంగతి కూడా ఆయన చెబితేనే నాకు అర్థమైంది. సముద్రానికి అంత దగ్గరలో నది రోజుకు రెండు సార్లు ఎక్కుతుంది, రెండు సార్లు దిగుతుంది, ప్రతి రోజూ అంతకు ముందు రోజు కంటే సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఈ ఎక్కడం దిగడం ఎక్కువగా ఉంటుంది. పాటు తీసే వేళ నీరు సముద్రం వైపు గట్టిగా లాగుతుంది, అప్పుడు పడవలోంచి ఎవరైనా జారితే ఈత వచ్చినవాడు కూడా ఒడ్డుకు ఎదురు ఈదలేడు. పిల్లలు ఎంచుకున్న తేదీ పౌర్ణమి మరునాడు. వాళ్ళు ఆ తేదీని ఎంచుకున్నది నటి ఖాళీగా ఉన్న రోజని. నేను పంచాంగం తీసి చూపించి తేదీని వారం ముందుకు జరిపించాను. పోటు నిలకడ పట్టే ఆ కొద్ది సేపు నీరు అద్దంలా ఉంటుందని సరంగు చెప్పడంతో, పడవ సన్నివేశం ఆ వేళకే పెట్టాం. దానివల్ల చిత్రానికి మేలు జరిగింది కూడా, నీటిలో తండ్రీకూతుళ్ళ నీడలు కదలకుండా నిలిచాయి.

పడవ దగ్గర మా మధ్య పెద్ద వాదన జరిగింది. ఒకే పడవలో నటులిద్దరూ, కెమెరా, శబ్దం, వెలుతురు పట్టే రిఫ్లెక్టరు, మొత్తం తొమ్మిది మంది ఎక్కాలని దర్శకురాలి ప్రణాళిక. ఆ నాటు పడవ ఆరుగురికి సరిపోయేది, అందులోనూ అందరూ కూర్చుంటేనే. రిఫ్లెక్టరు గాలికి తెరచాప లాగా పని చేస్తుంది, దాన్ని పట్టుకొని నిలబడినవాడు తనతోపాటు పడవను కూడా ఒరిగిస్తాడు. ఆ అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. ‘సార్, మొహాల మీద వెలుగు లేకపోతే సన్నివేశమే లేదు’ అంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళుతున్న బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయిన రోజు ఆమె ఇంకా బడిలో ఉంది, వాళ్ళ ఊరి నుంచి వెళ్ళిన ఒక కుటుంబం అందులో ఉందని తనే తరువాత నాకు చెప్పింది. ఆ మాట చెప్పిన తరువాత వాదన ఆగిపోయింది. నటులు, సరంగు, కెమెరా మనిషి నలుగురూ ఒక పడవలో, కెమెరాలో పడనంత దూరంలో వెంట నడిచే ఇంజను పడవలో మిగతావాళ్ళు అని తేల్చాం. రిఫ్లెక్టరు మానేసి, సూర్యుడు తక్కువ ఎత్తులో ఉండే వేళకు సన్నివేశాన్ని మార్చాం. నటులకు దుస్తుల లోపల పట్టే పల్చని లైఫ్ జాకెట్లు, మిగతా అందరికీ మామూలువి, వెంట పడవలో గాలి నింపిన లారీ ట్యూబు, నలభై గజాల తాడు. రెండో పడవకు అద్దె ఇవ్వడానికి బడ్జెట్టులో గడి లేదని కళాశాల కార్యాలయం చెప్పింది. ఆ డబ్బు విద్యార్థులే వేసుకున్నారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, ఎందుకంటే రక్షణకయ్యే ఖర్చు పిల్లల జేబులోంచి రావలసి వస్తే, డబ్బు లేని జట్టు మొదట తగ్గించుకునేది దాన్నే.

తల్లిదండ్రుల అంగీకార పత్రాలు తీసుకునే రోజున ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, ‘మా వాడికి నీటిగండం ఉందని జాతకంలో చెప్పారండి, మీరు కాస్త చూసుకోవాలి’ అంది. నేను ఆమె కొడుకును పిలిచి ఈత వచ్చా అని అడిగాను. రాదన్నాడు. ఆ ప్రశ్న నా పత్రంలో అప్పటి వరకు లేదు. పధ్నాలుగు మందినీ అడిగితే, వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఇద్దరు ఊరి చెరువులో నేర్చుకున్నవాళ్ళు, పారే నీటిలో ఎప్పుడూ దిగనివాళ్ళు. గోదావరి పక్కనే పుట్టి పెరిగిన పిల్లలందరికీ ఈత వస్తుందని నేను ఎలా అనుకున్నానో తెలియదు. అప్పటి నుంచి నా పత్రంలో మొదటి గడి ఈతది. ఆ అబ్బాయిని పడవలకు దూరంగా, ఒడ్డున శబ్దం చూసుకునే పనిలో పెట్టాం, ఆ సంగతి వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

మండువా లోగిలి నూరేళ్ళు దాటిన ఇల్లు. అందులో ఉంటున్న పెద్దావిడ ఎంతో ఆదరంగా తలుపులు తెరిచి ఇచ్చింది. అటక మీద నుంచి కింది మండువాను చూపించే షాటు కావాలని పిల్లల కోరిక. వడ్రంగి ఒకాయనను తీసుకెళ్ళి దూలాలను సుత్తితో తట్టించాను. బాగున్న దూలం ఘంటలా మోగింది, చెద తిన్నది గుమ్మడికాయను తట్టినట్టు బోలుగా పలికింది. అటక మీదికి వెళ్ళే అయిదు దూలాల్లో రెండు అలా పలికాయి. అటక షాటు తీసేశాం. ఇంటి వైరింగు కూడా పాతదే, ఎర్తు లేదు, కనుక ఇంటి కరెంటుకు లైట్లు తగిలించవద్దని చెప్పి చిన్న జనరేటరు మాట్లాడాం. ముసురు పట్టినా, శబ్దం వస్తున్నా దాన్ని వసారాలోకి గానీ వంటింట్లోకి గానీ తేకూడదనీ, అది వదిలే పొగలోని విషవాయువుకు వాసన ఉండదనీ ప్రత్యేకంగా రాసి గోడకు అంటించాం. జనరేటరు నుంచి వచ్చే ప్రతి తీగకూ ముందు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెగిపోయే ట్రిప్పరు పెట్టించాను.

ఆ ఇంట్లోనే నేను దాదాపు చూడకుండా పోయినది ఒకటుంది. పెరట్లో మామిడి చెట్టు కింద పొగమంచు భ్రమ కోసం పొగ యంత్రం పెట్టాలని కళా విభాగం పిల్లలు గుర్తు వేసుకున్నారు. మూడోసారి, వాళ్ళు తీయబోయే సాయంత్రపు వేళకు వెళ్ళినప్పుడు, చెట్టు కింద నిలబడితే తలపైన సన్నని రొద వినిపించింది. పైకి చూస్తే చాటంత తేనెపట్టు, దాని నల్లటి ఒంటి మీద ఈగలు అలలా కదులుతున్నాయి. పగటి పూట రెండుసార్లు ఆ చెట్టు కిందే నిలబడి దాన్ని నేను గమనించలేదు. పొగ వేస్తే ఏం జరిగేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ సన్నివేశాన్ని వీధి వాకిట్లోకి మార్చాం. పెద్దావిడ, ‘దాన్ని కదపకండి నాయనా, అది ఏటా వచ్చేదే’ అంది, మేము కదపలేదు.

పక్కనున్న కొబ్బరి తోటలో దింపు తీసి నెల దాటింది. ఎండు మట్టలు, ముదిరిన కాయలు తలల మీద వేలాడుతున్నాయి. తోట యజమానిని అడిగితే చిత్రీకరణకు రెండు రోజుల ముందే దింపు తీయించడానికి ఒప్పుకున్నాడు. తోట మీదుగా పోయే కరెంటు తీగల కింద మైకు కర్ర ఎత్తకూడదని మాత్రం నేనే చెప్పుకోవలసి వచ్చింది. కాయలు కోసే ఇనుప దోటి తీగకు తగిలి పోయినవాళ్ళ గురించి డెల్టాలో వినని ఊరు లేదు, అల్యూమినియం మైకు కర్ర కూడా అటువంటిదే.

రొయ్యల చెరువు నాకు అన్నిటికంటే భయం కలిగించిన చోటు. చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటాయి, వాటికి మూడు ఫేజుల కరెంటు గట్టు మీద పరిచిన కేబుళ్ళలో వస్తుంది, అతుకుల మీద టేపు చుట్టి ఉంటుంది, గట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పిల్లలు అక్కడి మీటరు బోర్డు నుంచే లైట్లకు కరెంటు తీసుకోవాలనుకున్నారు. ఇక్కడ నేను వాళ్ళకు ఒక వరసను నేర్పాను. మొదట ఆ ప్రమాద కారణాన్ని పూర్తిగా తీసేయగలమా అని చూడాలి, కుదరకపోతే తక్కువ ప్రమాదమైన దానితో మార్చాలి, అదీ కుదరకపోతే మనిషికీ దానికీ మధ్య అడ్డం పెట్టాలి, ఆ తరువాతే నియమాలు, అన్నిటికన్నా చివర చేతి తొడుగులు, బూట్లు. వాళ్ళు మొదట రాసి తెచ్చినది రబ్బరు బూట్లు వేసుకుంటామని. చివర ఉండవలసినది మొదట వచ్చింది. కూర్చొని ఆలోచిస్తే, కాపలాదారు చేతిలోని టార్చి, రెండు బ్యాటరీ లైట్లు చాలునని ఛాయాగ్రాహకుడే తేల్చాడు. చెరువు గట్టు మీదికి ఒక్క కరెంటు తీగ కూడా మా వైపు నుంచి వెళ్ళలేదు. మేము తీసే రెండు గంటలూ ఆ పక్క ఏరియేటర్లను ఆపమని అడగడం న్యాయం కాదు, ఆపితే ప్రాణవాయువు అందక రొయ్యలు చచ్చిపోతాయి. అందుకని కేబుళ్ళు లేని అవతలి గట్టుకు మేమే మారాం.

ఆ గట్టు మీద పాముల సంగతి కాపలాదారు చెప్పాడు. రక్తపింజర ఎలుకల కోసం అక్కడికి వస్తుంది, కట్లపాము రాత్రి పూట ఇళ్ళలోకి కూడా వస్తుంది, అది కరిచినా ఒక్కోసారి నొప్పి తెలియదు. అందుకే మండువా ఇంట్లో బస చేసే రాత్రులు పిల్లలెవరూ నేల మీద పడుకోకుండా మంచాలు, దోమతెరలు ఏర్పాటు చేయించాను, తెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలని చెప్పాను. కరిస్తే కట్టు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఏ ఆసుపత్రికి? ఆ ప్రశ్న దగ్గరే నా పాత పత్రాల్లో ‘108కి ఫోన్ చేయాలి’ అన్న ఒక్క ముక్క ఉండేది. ఈసారి ప్రతి స్థలం నుంచి దగ్గరి ఆసుపత్రికి నేనే బండి మీద వెళ్ళి, విషానికి విరుగుడు మందు ఉందా అని అడిగి, పట్టిన సమయం రాసుకున్నాను. లంక రేవు నుంచి చూస్తే నరసాపురం ఎదురుగా, చెయ్యి చాపితే అందేలా కనిపిస్తుంది. రాత్రి పంటు (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పెద్ద పడవ) ఆగిపోయిన తరువాత అక్కడికి చేరాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. కాగితం మీద అతి దగ్గరిదని రాసుకున్న ఆసుపత్రి, చీకటి పడితే దగ్గరిది కాదు. ఆ స్థలానికి పగటికి ఒక ఆసుపత్రి, రాత్రికి ఇంకొకటి అని రాశాను.

కాలువ గట్టు సంగతి త్వరగా తేలింది. దాళ్వాకు, అంటే రెండో వరి పంటకు, నీరు వదిలిన కాలం కనుక కాలువ నిండుగా ఉంది. ప్రధాన కాలువను విడిచి పక్కనున్న చిన్న బోదె గట్టుకు సైకిల్ సన్నివేశాన్ని మార్చాం. అవతలి మురుగు కాలువ మీద గుర్రపుడెక్క గట్టి పచ్చిక బయలులా పరుచుకుని ఉంది, బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు దాని మీద నడవవచ్చని అనుకున్నారు. ఆ పొలాల్లో గ్యాస్ పైపులైను గుర్తు స్తంభాలు కనిపించడంతో, అక్కడ రాసుకున్న చలిమంట షాటును కొట్టేశాను. కోనసీమలోని నగరం అనే గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయిన సంగతి జట్టులోని మిగతా పిల్లలకు వివరించనక్కర లేదు, వాళ్ళు ఆ చుట్టుపక్కల వాళ్ళే.

చిత్రీకరణ మొదలయ్యే ముందు జరిగిన సమావేశంలో నేను ఒకటే అడిగాను. ‘ఆపండి’ అని జట్టులో ఎవరు అన్నా, ఏ కారణానికి అన్నా, కెమెరా ఆగాలి, ఆ తరువాతే ఎందుకని అడగాలి. దర్శకురాలు దీనికి మొదట ఒప్పుకోలేదు. ఆమె భయం నాకు అర్థమైంది, పని చేయించే మనిషికి తన మాట చెల్లకపోతుందేమోనని ఉంటుంది. లంక మీద మొదటి రోజు అయిదున్నరకే అందరం రేవుకు చేరాం. మంచు పట్టి ఉంది, పడవ ఆ కొస నుంచి ఈ కొస కనిపించడం లేదు. సరంగు తాడు విప్పలేదు. ఆరున్నర దాటింది, ఏడు దాటింది. పోటు నిలకడ పట్టే వేళ దగ్గర పడుతోంది, దర్శకురాలు గడియారం చూస్తూ రేవు మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతోంది. సరంగు ఆమెతో, ‘అమ్మాయిగారూ, ఎదురొచ్చే పడవ మనకి కనపడదండి, మనం దానికి కనపడం. సూరీడు మొకం చూపించాక ఎల్దారండి’ అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా మెట్ల మీద కూర్చుంది. ఏడు గంటల నలభై నిమిషాలకు అవతలి ఒడ్డున కొబ్బరి తలలు తేలాయి. ఆ తరువాత మిగిలిన సమయంలో అనుకున్న పదకొండు షాట్లలో ఏడే తీయగలిగారు. ఎడిటింగులో ఆ ఏడే సరిపోయాయి.

చివరి రోజు అంతర్వేదిలో, కూతురు సముద్రంలోకి నడిచే సన్నివేశాన్ని నీళ్ళలోకి దిగకుండానే తీశారు. నది ఒరవడీ సముద్రపు అలా ఎదురుపడే ఆ చోట మడమ లోతు కూడా నమ్మదగినది కాదు. పాటు తీసిన తరువాత ఇసుకలో మిగిలిన చీలమండ లోతు మడుగులో ఆ అమ్మాయిని నిలబెట్టి, కెమెరాను నేలకు ఆనించి, దూరపు లెన్సుతో తీస్తే, వెనక అలలు ఆమె భుజాల దాకా వచ్చినట్టు కనిపించాయి. ఆ ఆలోచన ఛాయాగ్రాహకుడిది, సముద్రంలోకి దిగడం లేదని మూడు వారాల ముందే తెలియడం వల్లనే అతనికి ఆలోచించే వ్యవధి దొరికింది.

లంక మీద పని ముగిసిన సాయంత్రం పడమటి ఒడ్డుకు వెళ్ళి నేను పాతిన కర్ర దగ్గర టేపు పెట్టాను. జనవరిలో అంచు నుంచి ఆరడుగులు ఉండేది, ఇరవై రోజుల్లో నాలుగడుగుల మూడంగుళాలకు వచ్చింది. ఆ కొలతనూ తేదీనీ పత్రంలో రాసి, సరంగుకు కూడా చెప్పాను. వానాకాలంలో వరద ఎర్రనీరు వచ్చింది. ఆ ఏడాది లంకలు ఎన్ని రోజులు నీటిలో ఉన్నాయో రేవులో అందరికీ తెలుసు. దసరా సెలవుల్లో ఈ ఏటి జట్టు వచ్చి, అదే లంకలో తీస్తామనీ, నిరుటి పత్రం ఇస్తే దాన్నే మళ్ళీ పెట్టుకుంటామనీ అడిగింది. వాళ్ళను తీసుకొని రేవుకు వెళ్ళాను. సరంగు మమ్మల్ని పడమటి ఒడ్డు దగ్గరకు తీసుకెళ్ళి ఇంజను ఆపాడు. కర్ర పాతిన చోటు ఎక్కడని పిల్లలు అడిగారు. ఆయన గెడతో చూపించాడు. అది పడవకు ఇరవై అడుగుల అవతల, నడి నీటిలో ఉంది. నిరుటి పత్రాన్ని పక్కన పెట్టి, కొత్త కాగితం మీద ఆ రోజు తేదీ వేసి, మొదటి గడి నుంచి రాయడం మొదలుపెట్టాం.